మా చిన్నాయనకు ఒక పని

నగరిలో మా వీధి నేతపనివాళ్ళ వీధి. నా చిన్నతనంలో తెల్లవారేసరికి వీధి పొడవునా ఎవరిదో ఒకరి పడుగు సాగి ఉండేది. పడుగు అంటే బట్టలో నిలువుగా పోయే నూలుపోగులు. వాటన్నిటినీ ఒకటిగా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదిరేలోపు ఆరబెట్టి చుట్టెయ్యాలి. ఆ కాసేపట్లో ఆవు అడ్డంగా నడిచినా, కుక్క దూరినా, బడికి పోయే పిల్లకాయల సైకిలు తగిలినా పోగులు తెగిపోతాయి. తెగిన పోగు కొసలు వెతికి ముడేసుకుంటూ కూర్చుంటే ఆ పూట వంట సంగతి దేవుడెరుగు. అందుకని పడుగు దగ్గర ఒక కాపలా మనిషి ఉండాలి. మా వీధిలో ఆ మనిషి మా చిన్నాయన.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. పుట్టుకతోనే బుద్ధి ఎదగలేదని కొందరూ, పసితనంలో వచ్చిన జ్వరం వల్లనని కొందరూ అనేవాళ్ళు. నాకు ఊహ తెలిసేనాటికే ఆయనకు గుబురు మీసాలు. మాటలు మాత్రం కొన్నే వచ్చు. కూడు, పడుగు, వాన, రాలా, పో. వీటితోనే ఆయన రోజు గడిచిపోయేది. వీధిలో ఆయన్ను అమాయకుడు అనేవాళ్ళు. కోపం వస్తే ఇంకో మాట అనేవాళ్ళు, అది ఇక్కడ రాయను. తర్వాత్తర్వాత సర్కారు కాగితాల్లో అది బుద్ధిమాంద్యం అయింది. ఈమధ్య మేధో వైకల్యం అయింది. పేరు మారినప్పుడల్లా ఆయనకు ఏదో ఒరిగిందని మాత్రం నేను చెప్పలేను.

పొద్దున్నే ఎవరైనా మా వాకిట్లోకి వచ్చి, "చిన్నాయన ఉండాడా? పడుగేస్తా ఉండాం" అని పిలిచేవాళ్ళు. వయసులో ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా అట్లాగే పిలిచేవాళ్ళు. ఆయన వీధికంతా చిన్నాయనే. కట్టె తీసుకుని పోయి పడుగు పక్కన నిలబడేవాడు. వీధి నడిమధ్యలో పడుగు, పడుగు పక్కన ఆయన. ఏ ఇంటి అరుగు మీదనుంచి చూసినా కనబడతాడు. ఆయన ఎటన్నా పోతాడేమో, ఎవరైనా ఏమన్నా అంటారేమో అని మావాళ్ళు వెంట తిరగాల్సిన అవసరమే ఉండేది కాదు. ఎవరి పడుగు కాస్తే ఆ మధ్యాహ్నం వాళ్ళింట్లో ఆయనకు అన్నం. సాయంత్రం వాళ్ళే తెచ్చి మా ఇంట్లో దించాలి. ఈ ఏర్పాటు మా అవ్వ చేసింది.

అవ్వ గడుసుది. జాలిపడి ఎవరైనా చిన్నాయన చేతిలో ఇంత తినేది పెడితే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది. "నా బిడ్డను ఊరికే కూసోబెట్టి కూడు పెట్టొద్దండి. పని సెప్పి పెట్టండి" అని మొహం మీదే అనేది. ఆ మాట కోసమే ఆమెను కొందరు పొగరుబోతు అన్నారు. అననీ అంది.

చిన్నాయనకు ఒక పట్టుదల ఉండేది. పడుగు ఎవరిదో వాళ్ళు వచ్చి తమ చేతులతో ఎత్తేదాకా అక్కడినుంచి కదిలేవాడు కాదు. ఒకసారి ఎదురింటివాళ్ళ కోడలికి నొప్పులు మొదలై ఇంటిల్లిపాదీ ఆసుపత్రికి పరిగెత్తారు. పడుగు వీధిలోనే ఉండిపోయింది. మబ్బు పట్టి వాన మొదలైంది. పక్కవాళ్ళు ఎత్తబోతే కట్టె ఎత్తాడు. మా నాయన పోయి చెయ్యి పట్టుకుని లాగితే నేలమీద కూర్చున్నాడు. గంజి అంతా కారిపోయిన పడుగు పక్కన, తానూ అట్లాగే కారిపోతూ, ఆసుపత్రి నుంచి ఆ ఇంటాయన వచ్చేదాకా ఉన్నాడు. ఆయన వచ్చి పడుగు పాడైపోయిందని నెత్తి బాదుకుంటూనే ఒక కొస ఎత్తాడు. అప్పుడు లేచాడు మా చిన్నాయన, కూడు అంటూ.

ఆ రోజుల్లో మనుషులు బంగారం అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అదే వీధిలో పిల్లలు ఆయన పంచె లాగి పరిగెత్తేవాళ్ళు. పెద్దవాళ్ళు చూసి నవ్వేవాళ్ళు. పడుగు పని అయిపోయాక నీళ్ళు మోయించుకుని, అది పనే కాదన్నట్టు మాట్లాడినవాళ్ళూ ఉన్నారు. పెళ్ళిళ్ళలో ఆయన విస్తరి ఎప్పుడూ చివరి పంక్తిలోనే. వాళ్ళు దేవతలేమీ కాదు. వాళ్ళకు పడుగుకు మనిషి కావాలి, ఆయనకు పడుగు కావాలి. రెండూ కుదిరాయి, అంతే. అయినా ఆ కుదరడం చిన్న విషయం కాదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మరమగ్గాలు వచ్చాయి. పడుగు మిల్లులోనే గంజి పట్టించుకుని, పెద్ద ఇరుసులాంటి బీముకు చుట్టుకుని, ఆటోలో వచ్చి ఇంటి ముందు దిగడం మొదలైంది. వీధి ఖాళీ అయింది. అరుగుల మీద కూర్చునేవాళ్ళంతా లోపలికి పోయి మరమగ్గాల ముందు నిలబడ్డారు. ఆ మోతలో బయట మనిషి అరిచినా వినబడదు. చిన్నాయన కొన్నాళ్ళు పొద్దున్నే కట్టె పట్టుకుని ఖాళీ వీధిలో నిలబడ్డాడు. ఆయన బాధ చూడలేక ఒకామె మిద్దెమీద ఆరబోసిన మిరపకాయలకు కాపలా పెట్టింది. ఇంకొకామె వడియాలకు పిలిచింది. కానీ ఏడాది పొడవునా వడియాలు ఎవరు పెడతారు? మెల్లగా పిలుపులు తగ్గిపోయాయి. చిన్నాయన మా ఇంటి అరుగు మీదే కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగడం అప్పుడే మొదలుపెట్టాడు. అంతకుముందు ఊగేవాడు కాదు.

నాయన పోయాడు. కొన్నేళ్ళకు అవ్వా పోయింది. పోయే ముందు నన్ను పిలిచి, ఆస్తి సంగతీ నగల సంగతీ ఏమీ మాట్లాడలేదు. "చిన్నోడికి ఏదో ఒక పని సూడు పాపా. ఊరికే కూసుంటే మనిషి మిగలడు" అంది. మనిషి పోయాక ఆమె మాట బరువు తెలిసింది. అప్పటికి నేను తిరుపతిలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తున్నాను. మా ఆయనది రేణిగుంట వైపు ఉద్యోగం. తిరుచానూరు రోడ్డులో ఒక మేడమీది వాటాలో అద్దెకు ఉన్నాం. చిన్నాయనను అక్కడికి తెచ్చుకున్నాను.

వచ్చిన మర్నాడే ఆయన తెల్లవారుజామున లేచి, స్నానం చేసి, తల దువ్వుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఎవరో పిలుస్తారని. రోజూ అట్లాగే. వీధిలో పోయేవాళ్ళు ఆయన్ను చూసి కొంచెం దూరంగా జరిగి నడిచేవాళ్ళు. ఇంటివాళ్ళు మంచివాళ్ళే, కానీ ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "మీరు లేనప్పుడు ఆయన్ను గేటు దగ్గర వదలొద్దండి. ఏమన్నా అయితే మా మీదికి వస్తుంది" అన్నారు. నేను కాలేజీకి సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. సెలవు అయిపోవస్తోంది. అది అయిపోతే రెండే దారులు. బయట తాళం వేసి పోవడం, లేదా ఊరి చివర ఇట్లాంటివాళ్ళను ఉంచుకునే ఆశ్రమంలో చేర్చడం.

ఆశ్రమానికి పోయి చూసి వచ్చాను. తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేల అద్దంలా ఉంది. పొగలు కక్కుతూ అన్నం వచ్చింది. హాలులో గోడ వెంబడి వరసగా కుర్చీలు, వాటిలో మనుషులు. టీవీ మోగుతోంది, ఎవరూ దాన్ని చూడటం లేదు. అక్కడి పెద్దావిడ నాకు ధైర్యం చెప్పడానికి, "ఇక్కడ మీ చిన్నాయన ఏ పనీ చెయ్యనక్కర్లేదమ్మా, హాయిగా కూర్చోవచ్చు" అంది. ఆ వరసలో సగం మంది ముందుకీ వెనక్కీ ఊగుతున్నారు. ఆలోచించుకుని చెబుతానని వచ్చేశాను.

తిరుచానూరులో అమ్మవారి గుడికి పోయే దారిలో ఒక చిన్న లాడ్జి ఉంది. దాని మేనేజరు మా నగరి వైపు మనిషి. బస్సులో పరిచయం. ఏదో మాటల్లో ఆయనతో మా ఇంటి సంగతి చెప్పాను. ఆయన గొప్ప మనసుతో ఆలోచించాడని అనుకోను. ఆయనకు ఒక తలనొప్పి ఉండేది. లాడ్జిలో దిగినవాళ్ళు చెప్పులు మెట్లదగ్గర విడిచి గుడికి పోతారు. తిరిగి వచ్చేసరికి చెప్పులు మాయమై గొడవ. "మీ చిన్నాయనను ఈడ కూసోబెట్టు సూద్దాం" అన్నాడు.

కూర్చోబెట్టాం. మొదటి రోజు నేను దూరంగా నిలబడి చూశాను. ఎవరి చెప్పులు వాళ్ళు తొడుక్కుంటే సరే. ఎవరైనా తమవి కాని జత దగ్గరికి పోతే లేచి నిలబడి, "పో" అనేవాడు. ఆ మాటలో ఎంత బలం ఉందంటే ఒక పెద్దమనిషి తన సొంత చెప్పులు కూడా అడిగి తీసుకున్నాడు. మధ్యాహ్నం లాడ్జిలోనే అన్నం. సాయంత్రం నేను కాలేజీ నుంచి వస్తూ ఇంటికి తీసుకుపోవాలి. అవ్వ ఏర్పాటే ఇది అని నాలో నేను మురిసిపోయాను. ఆ మురిపెం సాయంత్రం దాకానే.

సాయంత్రం పోదాం రమ్మంటే కదలడు. మెట్ల మీద ఇంకా కొన్ని జతలు మిగిలాయి. వాటివైపు చెయ్యి చూపించి, "రాలా" అన్నాడు. ఆ చెప్పులవాళ్ళు ఇంకా రాలేదని అర్థం. మేనేజరు తల పట్టుకున్నాడు. "వాళ్ళు రారు లేమ్మా. గుడికాడ పాత చెప్పులు వదిలేస్తే శని వదిలిపోతాదని కావాల్నే ఇడిసిపెట్టి పోతారు. రోజూ ఉండేదే" అన్నాడు. ఈ సంగతి మాకు ముందు తట్టలేదు. చెప్పులు ఉన్నంతసేపూ ఆయన లేవడు, ఆ మెట్లమీద చెప్పులు అయిపోయే రోజంటూ లేదు. మేనేజరు వాటిని తీసి చెత్తబుట్టలో వేశాడు. చిన్నాయన పరిగెత్తుకుంటూ పోయి బుట్ట బోర్లించి, ఒక్కో చెప్పూ ఏరి, తుడిచి, మళ్ళీ మెట్లమీద పెట్టాడు. వచ్చి కూర్చున్నాడు. దారినపోయేవాళ్ళు గుమిగూడారు. నాకు సిగ్గు, దానికి తోడు కోపం.

లాడ్జి మెట్లకు ఎదురుగా ఒకామె పూలు అమ్ముతుంది. మల్లెలు, కనకాంబరాలు, మరువం. నాకంటే కాస్త పెద్దది. ఆమె అప్పటిదాకా దండ కడుతూ చూస్తోంది. లేచి వచ్చి, "ఏందన్నా, నా చెప్పులు యాడ పెట్టినావు? ఆ, ఇవే" అని ఒక జత తొడుక్కుంది. అవి మగవాళ్ళ చెప్పులు. ఒకదానికి తాడు తెగింది. టపటపమంటూ వీధి మలుపు దాకా పోయింది. చిన్నాయన ఆమె కాళ్ళవైపు చూశాడు, మొహంవైపు చూశాడు. ఆమె కాళ్ళు అంత పెద్దవెప్పుడయ్యాయని అనుకున్నాడో ఏమో, మొత్తానికి పోనిచ్చాడు. ఆమె మలుపులో వాటిని విడిచి, వట్టికాళ్ళతో ఇంకోవైపు నుంచి వచ్చి, "మా ఆయనవి ఇడిసి పోయినాడంట" అని రెండో జత తొడుక్కుంది. చివరి జత లాడ్జి పక్కనున్న టీ కొట్టాయన తీసుకున్నాడు. మెట్లు ఖాళీ అయ్యాయి. చిన్నాయన పంచె దులుపుకుని లేచాడు.

ఇక అది రోజువారీ తంతు అయిపోయింది. పొద్దు వాలేవేళకు పూలామె, టీ కొట్టాయన, ఖాళీగా ఉన్న ఆటోవాళ్ళు, ఎవరో ఒకరు వచ్చి మిగిలిన చెప్పులు తమవని తొడుక్కుని పోయేవాళ్ళు. ఒక ఆటో అబ్బాయి తొందరలో రెండూ ఎడమకాలివే వేసుకుని కుంటుకుంటూ పోతే అందరూ పడీపడీ నవ్వారు. చిన్నాయన కూడా నవ్వాడు. అవ్వ పోయాక ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. ఎవరూ ఆయనకు సేవ చేస్తున్నామని అనుకోలేదు. వాళ్ళకదొక ఆటవిడుపు. ఇంట్లో ఊగడం తగ్గింది. నేను ఆశ్రమం మాట మరిచిపోయాను.

అట్లా ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాయి. అప్పుడు దూరపు పట్నం నుంచి ఒక కుటుంబం వచ్చి లాడ్జిలో దిగింది. ఆ ఇంటాయన చదువుకున్నవాడు, మర్యాద తెలిసినవాడు. చిన్నాయనను చూసి మేనేజరును నిలదీశాడు. "ఇలాంటి మనిషిని చెప్పుల దగ్గర కూర్చోబెట్టడానికి మీకు మనసెలా వచ్చింది? జీతం ఎంత ఇస్తున్నారు?" అని అడిగాడు. అన్నం పెడతాం, టీ ఇస్తాం, పండగకు బట్టలు పెడతాం అని మేనేజరు నసిగాడు. పట్నం నుంచి వచ్చినాయన ఫోన్ తీసి చిన్నాయననూ, మెట్లనూ, చెప్పులనూ వీడియో తీసుకున్నాడు. అధికారులకు పంపిస్తానన్నాడు. పంపాడో లేదో నాకు తెలియదు.

ఆ పెద్దమనిషిని తిట్టుకోవడం నాకు సులభమే. కానీ ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. పడుగులు కాసినన్నాళ్ళూ మా చిన్నాయన కష్టానికి ఇంత అని ఎవరూ అనలేదు. అన్నం పెడితే చాలనుకున్నాం, అవ్వతో సహా. అయితే చిన్నాయనకు ఇవ్వడానికి ఆ పెద్దమనిషి దగ్గర ఇంకో పనీ లేదు.

సాయంత్రం మేనేజరు నాతో, "నా మీదికొస్తాదమ్మా. ఓనరుకు తెలిస్తే నా పని గోవిందా. రేపట్నించి తోడుకోని రావొద్దు" అన్నాడు. ఆయన భయం నాకు అర్థమైంది. ఆ రాత్రి ఆశ్రమానికి ఫోన్ చేశాను. ఒక మంచం ఖాళీగా ఉందనీ, మధ్యాహ్నంలోపు తీసుకురాకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తామనీ చెప్పారు.

పొద్దున్నే చిన్నాయన ఎప్పటిలాగే తయారై గేటు దగ్గర నిలబడ్డాడు. ఆయన బట్టలు ఒక సంచిలో సర్ది పట్టుకున్నాను. ఆశ్రమానికి పోయే బస్సు టీ కొట్టు ముందే ఆగుతుంది. మమ్మల్ని చూసి పూలామె, "సంచి ఎత్తుకోని యాడికి పోతా ఉండారు?" అని అడిగింది. చెప్పాను.

"ఆడ ఏం పని?"

"పనేం లేదక్కా. వాళ్ళే చూసుకుంటారు."

ఆమె దండకు ఇంకో ముడి వేసింది. చిన్నాయన లాడ్జి మెట్లవైపు పోబోతుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయన విడిపించుకోలేదు. ఉన్నచోటే నిలబడి ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపు వచ్చింది. రోడ్డు మీద ఏడవడం ఇష్టంలేక మొహం తిప్పుకున్నాను.

"అమ్మణ్ణీ, ఇట్ల రా" అంది పూలామె. "నాకు మనిషి కావాల. నేను లేసి పోతే పూలు ఎవురు సూస్తారు? అన్నను ఈడ కూసోబెట్టు. నేను తినేదే తింటాడు. పొద్దుగూకినాక నేనే తెచ్చి దించిపోతా. ఏమన్నా బేరమైతే ఆయన వాటా ఆయనకు ఇస్తాలే, ఎవురూ అడిగే పనుండదు."

ఆమె ఎటన్నా పోవాలంటే పూలమీద తడిగుడ్డ కప్పి పోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. ఆ మాట నేను అనలేదు. ఆమె తాను కూర్చునే పీటను బుట్ట పక్కకు జరిపి, చిన్నాయనను కూర్చోబెట్టి, "నేనొచ్చేదాకా ఎవురినీ ముట్టనీయొద్దన్నా" అని చెప్పింది. రోడ్డు దాటి టీ కొట్టు దగ్గరికి వచ్చి నిలబడింది. నేనూ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాను. ఆశ్రమం బస్సు వచ్చి ఆగింది. ఎక్కలేదు. అది పోయింది.

ఆమె టీ అడగలేదు. అక్కడ ఆమెకు ఏ పనీ లేదు. అప్పుడే గుడి వైపు నుంచి ఒక ముసలాయన, భార్యా వచ్చి బుట్ట ముందు ఆగారు. ఆ ముసలామె మల్లెల మీదికి చెయ్యి చాపింది. చిన్నాయన ఒక్కసారిగా ముందుకు వంగి రెండు చేతులూ బుట్టకు అడ్డం పెట్టి, "పో" అన్నాడు. వాళ్ళు బెదిరి, పక్కన ఇంకొకామె బుట్ట దగ్గరికి పోయి మూరెడు పూలు కొనుక్కున్నారు. పూలామె ఇదంతా చూస్తూనే ఉంది. అడుగు కదపలేదు.

టీ కొట్టాయన ఉండబట్టలేక, "అక్కా, బోణీ పోతా ఉండాదే!" అన్నాడు.

"పోనీలేప్పా" అంది ఆమె. "ఇప్పుడే గదా పనిలో కూసున్నాడు."